జడ్జిల నియామకాలపై మన నేతల గుట్టు రాజీలు.. నెల్లూరు తీరం కడుతున్న ఖరీదు

నెల్లూరు: కృష్ణపట్నం నుంచి రామాయపట్నం దాకా ఈ తీరంలో ఏ ఊరికి వెళ్లినా ఒక మాట మాత్రం తప్పకుండా వినిపిస్తుంది. 'మాది కోర్టులో ఉంది' అంటారు. పోర్టుకు భూమి ఇచ్చిన వాళ్లది పరిహారం గొడవ. సీజేఎఫ్‌ఎస్ భూములు సాగు చేసుకుంటున్న వాళ్లది హక్కు గొడవ. చుక్కల భూముల వాళ్లది రిజిస్ట్రేషన్ గొడవ. రొయ్యల గుంట తవ్విన రైతుకు పర్మిషన్ల తలనొప్పి, పక్కన వరి వేసిన రైతుకు ఉప్పునీటి తలనొప్పి. హైకోర్టుకు పోతే స్టేటస్ కో వస్తుంది. అంతవరకు బాగానే ఉంటుంది. ఆ తర్వాత ఆ రిట్ పిటిషన్ మళ్లీ బెంచ్ మీదకు ఎప్పుడొస్తుందో లాయర్ కూడా చెప్పలేడు.

ఎందుకు రాదు? ఫైళ్లు ఎక్కువ, జడ్జీలు తక్కువ. అందరికీ తెలిసిన జవాబు ఇదే. మరి జడ్జీలు ఎందుకు తక్కువ? ఎవరిని జడ్జిగా పంపాలన్నది ఎవరు తేలుస్తారు? అందులో మనం ఓటేసిన పార్టీల పాత్ర ఎంత? ఇక్కడికొచ్చేసరికి అందరూ గొంతు తగ్గిస్తారు. ముఖ్యంగా లీడర్లు.

గత పదేళ్లలో ఆంధ్రప్రదేశ్ రాజకీయాల్లో కోర్టుల మీద జరిగినంత రచ్చ ఇంకే వ్యవస్థ మీదా జరగలేదేమో. ఒక సీఎం ఏకంగా సుప్రీంకోర్టు జడ్జి మీద దేశ ప్రధాన న్యాయమూర్తికి లేఖ రాశారు. ఇంకో పార్టీ దాన్ని న్యాయవ్యవస్థ మీద దాడి అంది. టీవీ డిబేట్లు రాత్రి పదకొండు దాకా నడిచాయి. ఇంత జరిగినా, జడ్జిల పేర్లు ఎలా ఖరారవుతాయి అన్న అసలు ప్రశ్న దగ్గర రెండు పార్టీలూ చేతులు ముడుచుకున్నాయి. రెండు పార్టీల అభిమానులకూ ఈ విషయంలో తమ నేతల మీద లోపల గుర్రు ఉంది. బయటికి చెప్పుకోరు, అంతే.

సీఎం టేబుల్ మీదకు వచ్చే ఆ లిస్టు

చాలామందికి తెలియని సంగతి ఇది. హైకోర్టు జడ్జిల నియామకంలో ముఖ్యమంత్రికి ఒక అధికారిక పాత్ర ఉంది. హైకోర్టు చీఫ్ జస్టిస్, ఇద్దరు సీనియర్ జడ్జీలు కలిసి కొన్ని పేర్లు అనుకుంటారు. దాన్నే హైకోర్టు కొలీజియం అంటారు. ఆ లిస్టు సీఎంకు, గవర్నర్‌కు, కేంద్ర న్యాయశాఖకు, సుప్రీంకోర్టుకు వెళుతుంది. సీఎం తన అభిప్రాయం రాసి గవర్నర్ ద్వారా కేంద్రానికి పంపాలి. ఇంటెలిజెన్స్ బ్యూరో ఆ లాయర్ల గురించి ఆరా తీస్తుంది. ఇవన్నీ కలిపి చివరికి సుప్రీంకోర్టు కొలీజియం ముందుకు వస్తాయి. అక్కడ దేశ ప్రధాన న్యాయమూర్తి, మరో ఇద్దరు సీనియర్ జడ్జీలు తేలుస్తారు. వాళ్లు ఓకే అంటే కేంద్రం నోటిఫికేషన్ ఇవ్వాలి.

1993, 1998లో వచ్చిన సుప్రీంకోర్టు తీర్పుల తర్వాత ఈ పద్ధతిని మెమొరాండం ఆఫ్ ప్రొసీజర్ అనే పత్రంలో రాసుకున్నారు. అందులో సీఎంకు ఆరు వారాల గడువు ఉంది. ఇంకో ఆసక్తికరమైన లైను కూడా ఉంది. సీఎం తనకు తోచిన పేరు ఏదైనా ఉంటే చీఫ్ జస్టిస్‌కు పంపొచ్చు, పరిశీలించమని. అంటే అభ్యంతరం చెప్పడమే కాదు, పేరు సూచించే వీలు కూడా ఉంది.

సీఎం ఏం రాశారు? ఎవరి పేరు మీద అభ్యంతరం చెప్పారు? ఎందుకు చెప్పారు? ఎవరి పేరు సూచించారు? నెల్లూరులో ఓటేసిన వాడికి గానీ, నంద్యాలలో ఓటేసిన వాడికి గానీ ఇవి తెలిసే దారి లేదు. ఆ కవరు సీల్ వేసి వెళుతుంది. మూడేళ్ల తర్వాత ఏదో గొడవలో పత్రికలకు లీకైతే తప్ప బయటపడదు.

అలా ఒకసారి బయటపడింది కూడా.

2017లో ఏం జరిగింది?

అప్పటికి రెండు తెలుగు రాష్ట్రాలకు కలిపి హైదరాబాద్‌లో ఒకే హైకోర్టు ఉంది. ఆరుగురు లాయర్ల పేర్లు జడ్జిలుగా సిఫారసై వెళ్లాయి. సీఎం చంద్రబాబు నాయుడు తన అభిప్రాయం పంపారు. సుప్రీంకోర్టులో ఉన్న జస్టిస్ ఎన్‌వీ రమణను కూడా అభిప్రాయం అడిగారు. ఈ రెండు అభిప్రాయాల్లో పోలిక కనిపిస్తోందంటూ కొలీజియంలో సభ్యుడైన జస్టిస్ చలమేశ్వర్ అప్పటి సీజేఐకి లేఖ రాసినట్టు ఆ ఏడాది జాతీయ పత్రికల్లో వచ్చింది. చలమేశ్వర్‌దీ కృష్ణా జిల్లానే, రమణదీ కృష్ణా జిల్లానే. అందుకే ఈ వార్త ఢిల్లీలో కంటే బెజవాడ టీ కొట్ల దగ్గర ఎక్కువ నలిగింది. చివరికి ఆ లాయర్లు జడ్జిలయ్యారు. ఫైలు మూసేశారు.

అప్పుడు ప్రతిపక్షంలో ఉన్న వైసీపీ ఏం చేయాలి? అసెంబ్లీలో లేచి 'సీఎం గారూ, మీరు ఎవరి గురించి ఏం రాశారో సభ ముందు పెట్టండి' అని పట్టుబట్టాలి. అలా పట్టుబట్టిన దాఖలా లేదు. ఆ అంశాన్ని జేబులో దాచుకుంది. మూడేళ్ల తర్వాత తీసింది.

2020 అక్టోబర్ 6 తేదీతో సీఎం జగన్‌మోహన్ రెడ్డి అప్పటి సీజేఐ జస్టిస్ బోబ్డేకు లేఖ రాశారు. నాలుగు రోజులకు ప్రభుత్వ సలహాదారు అజేయ కల్లాం ప్రెస్‌మీట్ పెట్టి దాన్ని బయటపెట్టారు. హైకోర్టులో కేసుల కేటాయింపు మీద, జస్టిస్ రమణ మీద అందులో ఆరోపణలు ఉన్నాయి. 2017 నాటి ఆ అభిప్రాయాల ప్రస్తావన కూడా అందులో ఉంది. దేశం మొత్తం ఉలిక్కిపడింది. కోర్టు ధిక్కరణ కేసు పెట్టాలని కొందరు అడిగితే అటార్నీ జనరల్ వేణుగోపాల్ అనుమతి ఇవ్వలేదు. 2021 మార్చి 24న సుప్రీంకోర్టు ఇన్‌హౌస్ ప్రక్రియ ప్రకారం పరిశీలించి ఆ ఫిర్యాదును కొట్టేసింది. అదే రోజు తన తర్వాత సీజేఐగా జస్టిస్ రమణ పేరును బోబ్డే సిఫారసు చేశారు. ఏప్రిల్ 24న రమణ ప్రమాణం చేశారు.

ఆరోపణలు నిలబడలేదు. ఆ చర్చ అక్కడితో ముగిసింది, ముగియాల్సిందే. కానీ ఆ లేఖలో వ్యక్తులకు సంబంధం లేని ప్రశ్న ఒకటి ఉంది కదా? సీఎంల అభిప్రాయాలు గుట్టుగా వెళ్లడం మంచిదా కాదా? ఆ ప్రశ్నను కొట్టేసే అధికారం ఏ ఇన్‌హౌస్ కమిటీకీ లేదు. దాన్ని వదిలేసింది వైసీపీనే. 2021 డిసెంబర్‌లో సీజేఐ రమణ సొంత రాష్ట్రానికి వచ్చినప్పుడు విజయవాడలో రాష్ట్ర ప్రభుత్వం తేనీటి విందు ఇచ్చింది. 2022 ఆగస్టులో విజయవాడ కోర్టు భవనాలు ప్రారంభించినప్పుడు సీఎం, సీజేఐ ఒకే వేదిక మీద ఉన్నారు. మర్యాదకు తప్పు పట్టడం లేదు. అతిథికి టీ ఇవ్వాలి. కానీ, ఆ లేఖ పట్టుకుని ఊళ్లలో వాదించి, బంధువులతో మాటలు పడ్డ కార్యకర్తకు ఏం మిగిలింది? 'నా హయాంలో హైకోర్టుకు వచ్చే ప్రతి లిస్టు మీద నా అభిప్రాయాన్ని నేనే బయటపెడతా' అని జగన్ ఒక్క మాట అని ఉంటే ఆ లేఖకు అర్థం ఉండేది. ఐదేళ్ల పాలనలో ఆయన టేబుల్ మీదకు కూడా లిస్టులు వచ్చాయి. ఆయన కవర్లు కూడా సీల్ అయ్యే వెళ్లాయి.

టీడీపీ సంగతి చూద్దాం. జగన్ లేఖ మీద ఆ రోజుల్లో అందరికంటే గట్టిగా అరిచింది ఆ పార్టీనే. న్యాయవ్యవస్థ స్వతంత్రత అంటూ రోజూ ప్రెస్‌మీట్లు. 2024 జూన్‌లో అధికారంలోకి వచ్చింది. 16 మంది ఎంపీలు. కేంద్రంలో ప్రభుత్వం నిలబడటానికి వాళ్ల బలం కావాలి. ఇంత బలం ఉన్నప్పుడు పోలవరం అడిగారు, అమరావతి అడిగారు, స్టీల్ ప్లాంట్ అడిగారు. బాగుంది. హైకోర్టు ఖాళీలు, నియామకాల్లో పారదర్శకత ఆ అడిగిన వాటి జాబితాలో వినిపించలేదు. ఎందుకు వినిపిస్తుంది? అడిగితే ముందు తమ 2017 కవరు విప్పాలి.

పార్లమెంటులో 367-0

ఈ మౌనం కొత్తది కాదు. దీనికి నెల్లూరుతో లింకు కూడా ఉంది.

2014 ఆగస్టులో నరేంద్ర మోదీ ప్రభుత్వం జాతీయ న్యాయ నియామకాల కమిషన్ బిల్లు తెచ్చింది. అప్పుడు పార్లమెంటరీ వ్యవహారాల మంత్రి మన చవటపాళెం వెంకయ్యనాయుడే. లోక్‌సభలో వైసీపీ పక్షాన్ని నడిపింది నెల్లూరు ఎంపీ మేకపాటి రాజమోహన్ రెడ్డి. బిల్లు ఆగస్టు 13న లోక్‌సభలో 367-0 ఓట్లతో పాసైంది. అన్నాడీఎంకే దూరంగా ఉంది. మర్నాడు రాజ్యసభలోనూ ఒక్క వ్యతిరేక ఓటు పడలేదు. కాంగ్రెస్, బీజేపీ, టీడీపీ, వైసీపీ.. ఉప్పూ నిప్పూ లాంటి పార్టీలన్నీ ఒకే బటన్ నొక్కాయి.

దేశ ప్రధాన న్యాయమూర్తి, ఇద్దరు సీనియర్ జడ్జీలు, న్యాయ మంత్రి, ఇద్దరు ప్రముఖులు. ఈ ఆరుగురి కమిషన్ జడ్జిలను ఎంపిక చేయాలి. ఏ ఇద్దరు కాదన్నా ఆ పేరు ఆగిపోతుంది. ఆ ఇద్దరు ప్రముఖులు ఎవరు, ఏ అర్హతతో వస్తారు అన్నది చట్టంలో సరిగా లేదు. హైకోర్టు పేర్లకు సీఎం, గవర్నర్ రాతపూర్వకంగా అభిప్రాయం చెప్పాలని ఉంది. దాన్ని జనానికి చూపించాలని మాత్రం ఎక్కడా లేదు. ఇంత పెద్ద మార్పు మీద మన తెలుగు ఎంపీల నుంచి ఒక్క సవరణ కోసం గట్టి పోరాటం జరగలేదు. కొలీజియం మీద కోపంతో పార్టీలన్నీ కలిశాయి. బదులుగా ఏం కావాలో మాత్రం మాట్లాడుకోలేదు.

2015 అక్టోబర్ 16న సుప్రీంకోర్టు 4-1 మెజారిటీతో ఆ చట్టాన్ని కొట్టేసింది. ఆ ఒక్కరూ జస్టిస్ చలమేశ్వరే. కొలీజియం రికార్డులు సీజేఐ అయ్యే భాగ్యం దక్కని సాటి జడ్జిలకు కూడా అందవని ఆయన తన తీర్పులో ఎత్తిచూపారు. మిగిలిన నలుగురు కూడా కొలీజియంలో లోపాలు లేవనలేదు. మెమొరాండం ఆఫ్ ప్రొసీజర్‌ను సరిచేసుకోమని కేంద్రానికి చెప్పారు. పదేళ్లు దాటింది. కేంద్రానికీ సుప్రీంకోర్టుకూ మధ్య ఆ పత్రం అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. 367 మందితో బటన్ నొక్కించిన పార్టీల్లో ఏదీ దాన్ని తేల్చమని సభను స్తంభింపజేయలేదు. ధరల మీద స్తంభింపజేశారు, హోదా మీద స్తంభింపజేశారు. దీని మీద లేదు.

చలమేశ్వర్ 2016లో కొలీజియం సమావేశాలకు వెళ్లనని మొండికేశారు. ఆ ఒత్తిడి పనిచేసిందనే చెప్పాలి. 2017 అక్టోబర్‌లో కొలీజియం తన తీర్మానాలను కారణాలతో సహా వెబ్‌సైట్‌లో పెట్టడం మొదలుపెట్టింది. తర్వాత ఆ కారణాలు తగ్గుతూ వచ్చాయి, మధ్యలో మళ్లీ కొంత పెరిగాయి. 2025 మేలో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. 2022 నవంబర్ నుంచి ఆమోదించిన హైకోర్టు జడ్జిల వివరాలు, వాళ్లకు సిట్టింగ్ లేదా రిటైర్డ్ జడ్జిలతో బంధుత్వం ఉంటే అది కూడా బయటపెట్టింది. అంటే గుట్టు గుట్టు అని మనం తిట్టే జడ్జీలే, ఆలస్యంగానైనా, కొంత తలుపు తీశారు. ఓట్లు అడుక్కునే సీఎంలు తీయలేదు. ఇది విచిత్రం కాదా?

గద్దె దించిన తీర్పులు

లీడర్లకు జడ్జిలంటే ఇంత పట్టింపు ఎందుకో మన జిల్లాకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. వాకాడు నుంచి వెళ్లి ముఖ్యమంత్రి అయిన నేదురుమల్లి జనార్దన్ రెడ్డి 1992లో ఎందుకు దిగిపోయారు? ప్రైవేటు మెడికల్ కాలేజీల మంజూరును హైకోర్టు తప్పుపట్టడంతో. అంతకు ముందు 1964లో నీలం సంజీవరెడ్డి కూడా కర్నూలు బస్సు రూట్ల జాతీయం కేసులో సుప్రీంకోర్టు వ్యాఖ్యల తర్వాతే రాజీనామా చేశారు. ఆ రోజుల్లో కోర్టు ఒక మాట అంటే కుర్చీ వదిలేవారు. ఇప్పుడు కోర్టు మాట అంటే, ఆ మాట అన్న జడ్జి ఎవరి మనిషి అని వెతుకుతున్నారు. ఇందులో మనందరికీ భాగం ఉంది. వాట్సాప్‌లో జడ్జి కులం వెతికి ఫార్వర్డ్ చేసింది మనమే.

2020 సెప్టెంబర్‌లో అమరావతి భూముల కేసులో హైకోర్టు మీడియాకు గ్యాగ్ ఆర్డర్ ఇచ్చినప్పుడు, నెల్లూరు జిల్లాకే చెందిన విజయసాయిరెడ్డి రాజ్యసభలో లేచి విమర్శించారు. విమర్శించడం ఆయన హక్కు. ఆ నోటితోనే, ఆ సభలోనే, నియామకాల పద్ధతి గురించి కూడా అంతే గట్టిగా, వదలకుండా అడిగి ఉంటే బాగుండేది. తీర్పు నచ్చనప్పుడు గొంతు లేస్తుంది. నచ్చిన తీర్పు రాగానే 'సత్యమేవ జయతే' అని పోస్టర్ పడుతుంది. రెండు పార్టీలదీ ఇదే వరస.

ఇక హైకోర్టు ఎక్కడ ఉండాలన్న గొడవ. నెల్లూరు కక్షిదారుడు ఒకప్పుడు మద్రాసు హైకోర్టుకు పోయేవాడు. 1954 జులైలో గుంటూరుకు, 1956లో హైదరాబాద్‌కు మారాడు. 2019 నుంచి అమరావతి నేలపాడు. మూడు రాజధానులన్న వైసీపీ కర్నూలుకు తరలిస్తామంది. కూటమి ప్రభుత్వం కర్నూలులో బెంచ్ పెడతామని 2024 నవంబర్‌లో అసెంబ్లీలో తీర్మానం చేసింది. శ్రీబాగ్ ఒడంబడిక నుంచి మొదలుపెట్టి గంటలు గంటలు మాట్లాడగలరు మన వాళ్లు. రాష్ట్రానికి వేరుగా హైకోర్టు మొదలైన రోజు 37 పోస్టులకు జడ్జీలు ఎందరో తెలుసా? తాత్కాలిక సీజేతో కలిపి 14 మంది. తర్వాత విడతల వారీగా పెరిగారు గానీ ఖాళీలు వెంటాడుతూనే వచ్చాయి. భవనం ఏ ఊళ్లో అన్నదానికి ఉద్యమాలు జరిగాయి. కుర్చీలు ఖాళీగా ఉన్నాయని ఎవరూ బంద్ చేయలేదు.

ఈ తీరానికి ఒక జడ్జి అంటే ఏమిటి?

1990ల మొదట్లో రొయ్య మన తీరాన్ని మార్చేసింది. కండలేరు క్రీక్ చుట్టుపక్కల, ముత్తుకూరు, ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు.. ఎక్కడ చూసినా గుంటలే. సైకిళ్ల మీద తిరిగిన వాళ్లు కార్లు కొన్నారు. తాగునీళ్లు ఉప్పగా మారాయని గోడు పెట్టిన వాళ్లూ ఉన్నారు. 1996 డిసెంబర్ 11న సుప్రీంకోర్టులో జస్టిస్ కుల్దీప్ సింగ్, జస్టిస్ సగీర్ అహ్మద్ ఇచ్చిన తీర్పుతో అందరికీ గుండె ఆగినంత పనైంది. తీర నియంత్రణ జోన్‌లో సంప్రదాయ పద్ధతివి తప్ప మిగతా రొయ్యల గుంటలను 1997 మార్చి 31లోగా తీసేయాలి. పులికాట్ సరస్సుకు వెయ్యి మీటర్ల లోపు కూడా ఉండకూడదు. గుంట మీద అప్పు తెచ్చిన వాడు ఒకవైపు, చేలు చౌడు బారిన వాడు ఇంకోవైపు. గడువు ముగియకముందే రివ్యూ పిటిషన్ల మీద స్టే వచ్చింది. చివరికి 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసి గుంటలకు దారి ఇచ్చింది.

తీర్పు మంచిదా చెడ్డదా అన్నది కాదు ఇక్కడ సంగతి. ఢిల్లీలో ఇద్దరు మనుషులు రాసిన తీర్పుతో ఒక జిల్లా బతుకు తలకిందులైంది. ఆ కుర్చీలో పర్యావరణం అంటే ప్రాణం పెట్టే కుల్దీప్ సింగ్ కాకుండా ఇంకొకరు ఉంటే తీర్పు ఇంకోలా వచ్చేదేమో. అలాంటి కుర్చీలో ఎవరు కూర్చోవాలన్నది ఎంత పెద్ద విషయం! ఎమ్మెల్యే టికెట్ ఎవరికన్న దాని మీద ఆరు నెలలు చర్చించుకునే మనం, దీని గురించి ఒక్క పూట కూడా మాట్లాడుకోం.

కుర్చీ ఖాళీగా ఉంటే ఏమవుతుందో కూడా చూశాం. తీరంలో పర్యావరణ కేసులు చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణాది బెంచ్‌కు పోతాయి. 2018లో సభ్యులను నియమించక ఆ బెంచ్‌లో విచారణలు నిలిచిపోయాయి. కొంతకాలం ఢిల్లీ నుంచి వీడియోలో నడిపించారు. ఒక్క నియామకం ఫైలు కదలకపోతే దక్షిణాది రాష్ట్రాల కేసులన్నీ ఆగాయి. ఆ ఫైలు కోసం మన ఎంపీలు ఎవరైనా ఢిల్లీలో ధర్నా చేసినట్టు గుర్తుందా?

రిటైరయ్యాక, ఎన్నికలొచ్చాక

ఇదే రాజీ మరో రూపంలోనూ కనిపిస్తుంది. జస్టిస్ అబ్దుల్ నజీర్ 2023 జనవరి 4న సుప్రీంకోర్టు నుంచి రిటైరయ్యారు. ఫిబ్రవరి 12న ఆంధ్రప్రదేశ్ గవర్నర్‌గా ఆయన పేరు ప్రకటించారు. నలభై రోజులు కూడా కాలేదు. వ్యక్తిగా ఆయన మీద ఎవరికీ ఫిర్యాదు లేదు. రిటైరైన జడ్జికి వెంటనే పదవి ఇవ్వొచ్చా అన్నది మాత్రం దేశమంతా చర్చ జరిగిన ప్రశ్న. ఏ రాష్ట్రానికి గవర్నర్ వస్తున్నారో ఆ రాష్ట్రంలోనే చర్చ లేదు. అధికారంలో ఉన్న వైసీపీకి కేంద్రంతో పని ఉంది. ప్రతిపక్షంలో ఉన్న టీడీపీకి కేంద్రంతో పొత్తు కావాలి.

2025 సెప్టెంబర్ 9 ఉపరాష్ట్రపతి ఎన్నిక మరీ విడ్డూరం. ప్రతిపక్షాల అభ్యర్థి తెలుగువాడైన సుప్రీంకోర్టు మాజీ జడ్జి జస్టిస్ బి.సుదర్శన్ రెడ్డి. ఆయన ఇచ్చిన సల్వాజుడుం తీర్పును ప్రచారంలో కేంద్ర హోంమంత్రి అమిత్ షా తప్పుపట్టారు. ఒక తీర్పును చూపించి జడ్జిని దోషిలా నిలబెట్టొచ్చా? కోర్టుల స్వతంత్రత గురించి ఐదేళ్లు పోట్లాడుకున్న టీడీపీ, వైసీపీ రెండూ ఎన్డీయే అభ్యర్థి సీపీ రాధాకృష్ణన్‌కే మద్దతిచ్చాయి. బీఆర్ఎస్ ఓటింగ్‌కే రాలేదు. 452-300 తేడాతో ఫలితం తేలిపోయింది. ఎవరికి ఓటెయ్యాలన్నది వాళ్లిష్టం. కనీసం ఆ విమర్శ సరికాదని ఒక ప్రకటన ఇచ్చి ఓటేసి ఉంటే సరిపోయేది. మొదటి ఆంధ్ర హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు 1967లో సీజేఐ పదవి వదిలి ప్రతిపక్షాల తరఫున రాష్ట్రపతి పదవికి పోటీ చేసి ఓడిపోయారు. ఆయన పోటీ చేయడం సబబేనా అన్న వాదన అప్పుడు గట్టిగా నడిచింది. ఆ వాదన అయినా ఉండేది.

అమెరికాలో ఇలాంటి రాజీ ఒకటి చాలా పేరుకెక్కింది. అక్కడ జడ్జిల పేర్లు అధ్యక్షుడు పంపిస్తే సెనేట్ ఓటేయాలి. 2005 మేలో కొందరు జడ్జిల పేర్ల మీద రిపబ్లికన్లు, డెమొక్రాట్లు తెగేదాకా లాగారు. చివరికి రెండు పార్టీల నుంచి ఏడుగురు చొప్పున 14 మంది సెనేటర్లు కలిసి రాజీ పత్రం రాసుకున్నారు. కొన్ని పేర్లకు ఓటింగ్ జరగనిస్తామని కొందరు, రూల్సు మార్చమని ఇంకొందరు. రెండు పార్టీల కార్యకర్తలూ తమ నాయకుల మీద మండిపడ్డారు, అమ్ముడుపోయారని తిట్టారు. కానీ ఒక తేడా గమనించండి. ఎవరిని తిట్టాలో వాళ్లకు తెలుసు. 14 సంతకాలు కనిపిస్తున్నాయి. ఏ పేరును వదిలారో, ఏ పేరును ఆపారో తెలుసు. మన దగ్గర కోపం వచ్చినా ఎవరి మీద చూపించాలో తెలియదు. రాజీ జరిగిందన్న సంగతే తెలియదు.

బయటపెడితే ఇబ్బందులు లేవా? ఉన్నాయి. జడ్జిగా అనుకున్న లాయర్ పేరు మీద సీఎం ఏదో అభ్యంతరం రాశారని తెలిస్తే, ఆ లాయర్ ప్రాక్టీసు దెబ్బతింటుంది. మంచి లాయర్లు అసలు ఒప్పుకోరేమో. సుప్రీంకోర్టు కూడా 2019లో సీజేఐ కార్యాలయం సమాచార హక్కు చట్టం కిందకు వస్తుందని చెబుతూనే, ఎంపిక ఫలితం వేరు, దాని వెనక వచ్చిన సమాచారం వేరు అంది. ఆ వాదనలో పస ఉంది. ఐబీ రిపోర్టు వీధిలో పెట్టమని ఎవరూ అడగడం లేదు. ఎన్ని పేర్లు వచ్చాయి, ఎన్నింటికి సీఎం సరే అన్నారు, ఎన్నింటికి కాదన్నారు, ఎన్ని రోజుల్లో పంపారు? నియామకం పూర్తయ్యాక ఈ నాలుగు లెక్కలు చెబితే ఏ లాయర్ పరువూ పోదు. కేంద్రం దగ్గర ఎన్ని రోజులు ఆగిందో కూడా అప్పుడే తేలుతుంది. 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఐబీకి, కేంద్రానికి వారాల లెక్కన గడువులు పెట్టింది కూడా. గడువు దాటినప్పుడు అడగాల్సిన ఎంపీలే నోరు మెదపకపోతే ఆ గడువు కాగితం మీద గడువే.

దీనికి చట్టం అక్కర్లేదు, రాజ్యాంగ సవరణ అక్కర్లేదు, ఢిల్లీ అనుమతి అసలే అక్కర్లేదు. అసెంబ్లీలో ఒక్క ఎమ్మెల్యే ఒక ప్రశ్న వేస్తే చాలు. కావలి నుంచో కోవూరు నుంచో సర్వేపల్లి నుంచో ఎవరైనా వేయొచ్చు. ప్రతిపక్షానికి సభలో బలం లేదంటున్నారు, నిజమే. అధికార పక్షానికి కావాల్సినంత ఉంది కదా?

ఎప్పుడో ఒకప్పుడు హైకోర్టు నుంచి పేర్ల లిస్టు మళ్లీ సీఎం టేబుల్ మీదకు వస్తుంది. ఆ రోజు నుంచి ఆరు వారాలు లెక్క. ఆలోపు ఏమీ రాయకపోతే రాష్ట్రానికి చెప్పేదేమీ లేదని లెక్కగట్టి ఫైలును ముందుకు పంపేస్తారు.